తారు కళ్లం

ఆ చోట ఎవరైనా చెప్పులతో నడిస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అది గుడి కాదు, సమాధి కాదు. స్టేట్ హైవే. పావగడ నుంచి తిరుమణి వైపు పోయే రోడ్డులో మా ఊరు దాటగానే వచ్చే చిన్న ముక్క. బస్సులో ఆ చోటు దాటుతున్నప్పుడు ఈ వయసులో కూడా నేను చెప్పులు విడిచి కాళ్ళు పైకి పెట్టుకుంటాను. పక్కన కూర్చున్నవాళ్ళు మోకాళ్ళ నొప్పులనుకుంటారు. అనుకోనీ.

మొన్న పొద్దున్నే మా వదిన ఫోన్ చేసింది. మా అన్న పోయాక ఊళ్ళో మిగిలిన కాస్త సేద్యమూ ఆమే చూసుకుంటోంది. నా తల ఎంత నెరిసినా ఆమెకు నేను పాపనే. “పాపా, కళ్లం మీద నీళ్లు ఇడిసినారు” అంది, అంతే.  నేను పావగడ బజారులో పాలు కొంటున్నదాన్ని, ఆ పాల ప్యాకెట్టు చేతిలో పట్టుకునే బస్సెక్కాను. నూర్పిడికి పరిచిన పంట మీద నీళ్ళు పడడమంటే ఏమిటో మా దిక్కు వాళ్ళకు ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు. మిగతావాళ్ళ కోసం మొదటి నుంచీ చెబుతాను.

మా తాలూకా ఉన్నది కర్ణాటకలోనైనా దాదాపు చుట్టూ ఆంధ్రానే. మా జిల్లా ఆఫీసుకు తుమకూరు పోవాలన్నా దారిలో పక్క రాష్ట్రాన్ని కాస్త తొక్కి పోవాలి. చిన్నప్పుడు బస్సులో కళ్ళు మూసుకుని కూర్చున్నా, గతుకుల తీరు మారితే చాలు, రాష్ట్రం గడి దాటామని తెలిసిపోయేది. ఏ రాష్ట్రం గతుకు మేలో తేల్చుకోలేక పెద్దవాళ్ళు అరుగుల మీద తగువులాడుకునేవారు. మా ఊరి మీదుగా పోయే రోడ్డు మొదట వట్టి బండిబాట. శెనక్కాయ బండ్లు మండీకి పోయీ పోయీ చేసిన బాట. దాన్ని తారు రోడ్డు చేస్తామని మనుషులు వచ్చింది నేను పుట్టకముందు. కానీ మా అవ్వ నోట ఎన్నిసార్లు విన్నానంటే, నేనే అక్కడ నిలబడి చూసినట్టు ఉంటుంది.

బండిబాట మా ఊరి కళ్లాన్ని చుట్టి పోయేది. కళ్లం అంటే ఊరందరికీ ఒకటే, చదునైన గట్టి నేల. గాలి బాగా తోలే చోటు. పంట కోసినవాళ్ళు వంతులేసుకుని అక్కడే నూర్చుకునేవారు. రోడ్డు వేసేవాళ్ళకు వంకరలు నచ్చవు కదా, సున్నంతో తిన్నగా గీత గీశారు. గీత సరిగ్గా కళ్లం నడిమధ్య నుంచి పోయింది. మా తాతతో సహా ఊరి మగవాళ్ళందరూ సర్కారు పని కదా అని తలలు గోక్కుంటూ నిలబడ్డారట. అవ్వ మాత్రం చేట తీసుకుపోయి ఆ గీత మీద కూర్చుంది. పొద్దెక్కింది. కంకర బండ్లు ఆగిపోయాయి. చివరికి పని చేయించే ఓవర్సీరు వచ్చాడు. మైసూరు దిక్కు మనిషి, తెలుగు కూడబలుక్కుని మాట్లాడేవాడట. ఆకలిగా ఉన్నాడని ముఖం చూసి పోల్చుకుని అవ్వ ముందు అతనికి ఉలవ గుగ్గిళ్ళు పెట్టింది. పెట్టాకే అడిగింది.

“నీ రోడ్డుకు నా కళ్లమే కావాల్సొచ్చిందా నాయనా?”

“కళ్లం యాడికీ పోదు అవ్వా. తారు పోసి ఇంకా గట్టిగా చేసిస్తా. పంట కాలంలో ఇది మీది. పొయ్యే బండ్లు మీ పంట నూర్చి పెట్టి పోతాయి.”

తిన్నదాని మీద ఆన పెట్టి చెప్పాడట. అవ్వ చీర దులుపుకుని లేచింది. కాగితమూ లేదు, సంతకమూ లేదు. మాట మీద తారు పోశారు, ఆ మాట మీద మా ఊరు తరాల పాటు పంట పరిచింది.

అవ్వ అక్కడితో ఆగలేదు. పూర్వం ఎద్దులకు కట్టి పంట మీద దొర్లించే రాతిగుండ్లు కళ్లంలో రెండు ఉండేవి. ఇక బస్సు చక్రాలుండగా వీటితో పనేముందని వాటిని రోడ్డు వారగా, ఒకటి ఈ కొసన, ఒకటి ఆ కొసన పాతించింది. గుండు నుంచి గుండు దాకా కళ్లం. కళ్లంలో చెప్పులతో అడుగు పెట్టరు కదా, తారు పోశాక కూడా పెట్టకూడదని ఆమె శాసనం. రోడ్డు మీద చెప్పులు విడవడమేందని నవ్వినవాళ్ళను ఒకటే అడిగేది. “పైన తారు పోస్తే కింద నేల చచ్చిపోతాదా?”  అందుకని మొదటి గుండు రాగానే ఊరంతా చెప్పులు విడిచి చేతిలో పట్టుకునేది, రెండో గుండు దాటాక వేసుకునేది. ఎండాకాలం తారు మెత్తబడి అరికాళ్ళకు అంటుకున్నా సరే. గెంతుతూ పోయేవాళ్ళం కానీ చెప్పులు వేసుకునేవాళ్ళం కాదు. పెళ్ళికొడుకైనా సరే, బూట్లు విప్పి బాసికంతో, సాక్సులతో నడవాల్సిందే. పరాయి ఊరి పెళ్ళికొడుకులు బిక్కమొహం వేసుకుని నడుస్తుంటే మా పిల్లల గుంపుకు అంతకన్నా వేడుక లేదు.

నాకు బాగా గుర్తున్నది ఒక చలికాలం. ఆ ఏడు శెనక్కాయ దెబ్బతిన్నా, వెనక వేసిన ఉలవ మాత్రం విరగకాసింది. ఉలవ చెట్లు కొయ్యరు, వేళ్ళతో సహా పీకుతారు. మంచు తడి ఆరకముందే పీకాలి, లేదంటే కాయ పగిలి గింజ రాలిపోతుంది. ఆ పీకిన చెట్లు ఎండితే వచ్చే వాసన చెప్పడం కష్టం. కాస్త మట్టి, కాస్త పెసరపిండి, కాస్త పశువుల పాక. నూగు ఒంటికి తగిలితే దురద. మేము గోక్కుంటూనే మోపులు మోసి రోడ్డు మీద ఒక పక్కగా పరిచేవాళ్ళం. రెండో పక్క ఊడ్చి శుభ్రంగా ఉంచాల్సిందే. సైకిళ్ళు, రెండు చక్రాల బండ్లు ఉలవల మీద జారతాయని మా పెద్దవాళ్ళకు ఎవరో బోర్డు పెట్టి చెప్పనవసరం లేకపోయింది.

పొద్దున బస్సు డ్రైవరు లావుపాటి మనిషి, ఎప్పుడూ దవడన తమలపాకు. మొదట్లో మా చెప్పుల సంగతి విని నవ్వినవాడే. ఆ చలికాలం నాటికి గుండు కనబడగానే తనూ చెప్పులు విడిచి ఉత్తి కాళ్ళతో క్లచ్చి తొక్కేవాడు. కిటికీలోంచి తల పెట్టి, ఎక్కడ ఇంకా నలగలేదని అవ్వను అడిగేవాడు. అవ్వ ఊడ్చే పరకతో చూపిస్తే ఆ వారగా పోనిచ్చేవాడు, తిరుగు ప్రయాణంలో మిగిలినది తొక్కించేవాడు. చక్రాల కింద కాయలు పటపట పగిలే చప్పుడు, వెనకనే డీజిలు పొగ, ఆ పొగలోనే ఉలవ వాసన. బస్సు పోగానే మేము చెట్లు తిరగేసేవాళ్ళం. మధ్యాహ్నం బండ్లు రాని వేళ ఆ పంట మీదే పడుకుంటే కింద తారు గోరువెచ్చగా వీపుకు తగిలేది. అంత హాయిగా నేను మళ్ళీ ఏ పరుపు మీదా పడుకోలేదు.

ఒకనాడు తెల్లటి కారు ఒకటి వచ్చింది. ఇస్త్రీ చొక్కా మనిషి. రోడ్డు మీద గింజలు చూసి, తినేదాన్ని తొక్కించడం పాపమనుకుని ఉన్నట్టుండి మార్జిన్లోకి తిప్పాడు. ఇసుకలో చక్రాలు కూరుకుపోయాయి, కారు కంపచెట్లలోకి ఒరిగింది. దిగి, చూశారా మీ గింజ ఒక్కటి కూడా నలగలేదు అని గొప్పగా చెప్పాడు. అవ్వ నెత్తి కొట్టుకుంది. నలగడానికే కదా నాయనా పరిచింది అని ఆమె విడమర్చేసరికి అతని ముఖం చూడాలి. ఊరంతా కలిసి కారు పైకి లాగాం. లాగినందుకు కూలి కింద అతను పొద్దు వాలేదాకా కారును ముందుకూ వెనక్కూ పంట మీద తిప్పాడు. పిల్లలం వంతులేసుకుని ఎక్కాం. అవ్వ అతనికి రాగి సంగటి, ఉలవకట్టు చారు, ఊరిబిండి పచ్చడి పెట్టింది. పోయేటప్పుడు రెండో గుండు దాకా చెప్పులు విప్పి కారు తోలుకుపోయాడు. మా రోడ్డు సంగతి తెలియని మనిషే కానీ, తినే గింజ అంటే ఏమిటో తెలిసినవాడు. అలాంటివాడు మళ్ళీ ఈ దారిన రాలేదు.

సాయంత్రం గాలి తిరిగాక తూర్పారబట్టేవారు. ఉలవలు రాశి పోసి, పేడతో పిళ్ళారి వినాయకుణ్ణి చేసి గరిక గుచ్చి, రాశికి పూజ చేసేవారు. మొదటి సేరు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఆ పసుపు కుంకుమలే అవ్వ సాయంత్రం బస్సు ఆపి ముందు టైరుకూ పెట్టేది. డ్రైవరుకు చేటెడు ఉలవలు ఒడిలో పోసేది. బస్సులో ఉన్నవాళ్ళు పోదాం పోదామని గోల చేసేవారు కారు. వాళ్ళ ఊళ్ళలోనూ కళ్లాలున్నాయి.

ఇప్పుడు ఎండ గురించి చెప్పాలి. మా నేలలో ఎండ తప్ప ఏమీ పండదని ఎవరెవరో వచ్చి చెప్పారు. అయితే ఎండనే పండిస్తామన్నారు. తిరుమణి, వల్లూరు, బలసముద్రం, ఎటు చూసినా శెనక్కాయ పొలాలు పోయి సోలారు అద్దాలు వచ్చాయి. భూమి ఉన్నవాళ్ళు కంపెనీకి గుత్తకిచ్చారు. మా అన్న కూడా ఇచ్చాడు. ఇచ్చినవాళ్ళను నేను ఒక్క మాట అనను. వరసగా వాన మొహం చాటేసిన ఏళ్ళు చూసినవాళ్ళెవరూ అనలేరు. కానీ ఆ పొలాల్లో కలుపు తీసి, కాయ ఒలిచి బతికినవాళ్ళకు గుత్త ఎవరిచ్చారు? గొర్రెలు ఏ కంచె కింద దూరి మేయాలి? అడిగితే ఉద్యోగాలిచ్చాం కదా అంటారు. అద్దాలు తుడిచే ఉద్యోగం, అద్దాలకు కాపలా కాసే ఉద్యోగం. మా అన్న కొడుకు, నా మేనల్లుడు, ఆ కాపలా ఉద్యోగంలోనే ఉన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి. తాతముత్తాతల పొలానికి బయట నిలబడి లోపలికి ఎవరూ పోకుండా చూస్తాడు.

నా కోపమంతా రోడ్డు మీద. గతుకులు పూడ్చండని మా ఊరు ఎంత మందికి మొరపెట్టుకుందో నాకు తెలుసు. నా చిన్నమ్మ కూతురు నొప్పులతో ఆ గతుకుల్లో ఎగిరి ఎగిరి పడుతూ పావగడ ఆసుపత్రికి పోయింది. ఎవరూ రాలేదు. మనుషులు పోయినన్నాళ్ళు రోడ్డు గతుకుల్లోనే ఉంది. అద్దాలు పోవాల్సి వచ్చేసరికి ఒక్కసారిగా నున్నగా, వెడల్పుగా అయిపోయింది. పొడుగాటి ట్రైలర్లు తిరగాలని అంచులు చెక్కారు. ఆ చెక్కడంలో అవ్వ పాతించిన గుండ్లు రెండూ జేసీబీతో పెరికి ఎక్కడ పారేశారో కూడా తెలియదు. అడ్డంగా ఉన్న రాళ్ళు తీశామన్నారు. అడ్డమట! ఆ తరువాత రోడ్డు మీద పంట వేయకూడదని బోర్డు పెట్టారు. వేసేవాళ్ళు ఎవరు మిగిలారని? మా వదిన ఒక్కతే. రోడ్డుకు ఆ పక్క రాళ్ళ చెలక ఒక ముక్క కంపెనీకి పనికిరాదని వదిలేశారు. అందులో ఆమె ఏటా ఉలవ వేస్తుంది. అదే ఇంటికి పప్పు, అదే ఎనుముకు పొట్టు, అదే మరుసటి ఏటికి విత్తనం.

మొన్న నేను బస్సు దిగేసరికి వదిన తారు మీద గొంతుక్కూర్చుని తడి ఉలవల్ని దోసిళ్ళతో ఎత్తుతోంది. చెప్పులు లేవు. నేనూ విడిచాను. రోడ్డు వార కాలువలో గింజలు బురదతో కలిసి కొట్టుకుపోయి ఉన్నాయి. జరిగింది ఇది. అద్దాలు కడగడానికి నీళ్ళు తోలే ట్యాంకరు ఒకటి వచ్చింది. ఎవరి ట్యాంకరో పేరు నాకు అక్కరలేదు. ఒక పక్క దారి ఖాళీగానే ఉంది. అయినా ఆపి, పైపు తిప్పి, పంటనంతా కాలువలోకి తోసేశాడు. మా ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నిలబడే ఊళ్ళో, అద్దాల ముఖం కడిగే నీళ్ళతో మా కళ్లం కడిగాడు. నాకు నోట్లో తిట్లు తప్ప ఏమీ రాలేదు. వాటిని ఇక్కడ రాయను.

ఇంతలో కంపెనీ జీపు వచ్చింది. సూపర్‌వైజరు దిగాడు, బూట్లతో. వెనక మోటారుబైకు మీద మా మేనల్లుడిని కూడా పిలిపించాడు, మీ వాళ్ళకు నువ్వే చెప్పుకో అన్నట్టు. ఆ సూపర్‌వైజరు కన్నడంలో మర్యాదగానే మాట్లాడాడు. ప్రమాదాలు జరుగుతాయన్నాడు, బోర్డు చూపించాడు. రోడ్డు మీద నూర్చుకోమని మీకు ఎవరిచ్చారు అనుమతి, కాగితమేమన్నా ఉందా అని అడిగాడు.

“కాగితం లేదు సారూ. మా జేజెమ్మ చేతి గుగ్గిళ్ళు తిని మాటిచ్చినాడు రోడ్డేసినాయప్ప. ఒక పక్క ఊడ్చి దావ ఇడిసినాను గదా. నీళ్లు ఎందుకు ఇడిసినారు?” అంది వదిన. తెలుగులోనే అంది.

అతనికి సగం అర్థమై నవ్వాడు. నవ్వుతూ రెండడుగులు వేసి మిగిలిన పంట మీదే నిలబడ్డాడు.

“చెప్పులు ఇడ్సి నిలబడు సారూ. నువ్వు నిలబడింది కళ్లం” అంది వదిన.

అతను తన బూట్లు చూసుకున్నాడు, తరువాత మా కాళ్ళు చూశాడు, తరువాత మా మేనల్లుడి కాళ్ళు చూశాడు. అప్పుడే నేనూ చూశాను. యూనిఫాం, టోపీ, చేతిలో లాఠీ, కింద ఉత్తి కాళ్ళు. బూట్లు రెండూ రోడ్డు అంచున తెల్లగీత మీద పక్కపక్కన పెట్టి వచ్చాడు వాడు. విడిచానన్న సంగతి వాడికే తెలియదు. చిన్నప్పటి నుంచీ కాళ్ళు చేసే పని అది. గుండు లేకపోయినా కాళ్ళకు చోటు తెలుసు.

ఆ క్షణం నాకు ఎంత గర్వమేసిందో. అవ్వ చూసి ఉంటే బాగుండుననిపించింది.

సూపర్‌వైజరు మర్యాద అక్కడితో అయిపోయింది. డ్యూటీలో బూట్లు విప్పేవాడు రేపటి నుంచి రానక్కరలేదన్నాడు. గొంతు పెంచలేదు, జీపు వైపు నడుస్తూ అన్నాడు. మేనల్లుడు కదల్లేదు. అమ్మ ముఖం చూస్తూ నిలబడ్డాడు. వాడు ఒక్క మాట తిరగబడి అంటాడని నేను ఎదురుచూశాను, అనాలని కోరుకున్నాను. వాడికి ఇద్దరు పిల్లలున్నారని వదినకు గుర్తున్నంతగా నాకు గుర్తులేదు.

“ఏసుకో నాయనా” అంది వదిన. చేతిలో ఉలవలు అలాగే ఉన్నాయి. “ఏసుకోని పని మీదికి పో. ఇంగ ఇది కళ్లం గాదులే.”

వాడు పోయి బూట్లు తెచ్చుకుని, అక్కడే తారు మీద కూర్చుని లేసులు కట్టుకున్నాడు. తల ఎత్తలేదు. కట్టుకుని లేచి, పంట తొక్కకుండా చుట్టూ తిరిగి బైకు ఎక్కాడు. ట్యాంకరు మీద రానంత కోపం, బోర్డు మీద రానంత కోపం ఆ లేసులు చూసినప్పుడు వచ్చింది నాకు. మా పొలం తీసుకున్నారు, గుత్త ఇచ్చారు, సరే. గుండ్లు పెరికారు, సరే. ఒక తల్లి నోటితో ఆ మాట అనిపించారు చూడండి, దానికి ఏ గుత్త ఇస్తారు? పైన తారు పోస్తే చావని నేల ఆ ఒక్క మాటతో చచ్చింది. చంపినవాడు జీపులో ఏసీ వేసుకుని పోయాడు.

ఎత్తినవరకు ఉలవలు వదిన ఇంటి మిద్దె మీద ఆరబోశాం. మొలకెత్తకుండా ఆరితే విత్తనానికి సరిపోతాయేమో. బూజు పట్టకపోతే.  నేను వచ్చేటప్పుడు వదిన, ఎండ ఎక్కువగా ఉండాది, చెప్పులేసుకోని పో పాపా అంది.

నేను వేసుకోలేదు. కళ్లం కాదని ఆమె అన్నది కొడుకు కోసం. నాకు అక్కడ ఉద్యోగం చేసే కొడుకు లేడు, నేనెందుకు అనాలి? చెప్పులు చేతిలో పట్టుకుని రోడ్డెక్కాను. నడిపొద్దు, కొత్త తారు, అరికాళ్ళు కాలిపోతున్నాయి. పక్కన కంచె వెంబడి అద్దాలన్నీ ఒకే వైపు తల తిప్పి ఉన్నాయి. రెండో గుండు దాటాక వేసుకుందామని నడుస్తూ వెతికాను. గుండు లేదు కదా. కళ్లం ఎక్కడ మొదలైందో మేనల్లుడి కాళ్ళు చెప్పాయి, ఎక్కడ అయిపోయిందో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఇంత వెడల్పు చేశాక ఎటు చూసినా ఒకటే తారు. ఎక్కడ వేసుకోవాలో తెలియక బస్సు ఆగే చోటు దాకా అలాగే నడిచాను.